సస్పెన్సమ్మ గుండెకో మీట

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు పోస్టుమ్యానుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ సస్పెన్సమ్మే. చూస్తే చీమకి కూడా హాని చెయ్యదనిపించేది. వారం వారం పత్రికలో మాత్రం జనం గుండెల్లో రైళ్లు పరిగెత్తించేది. మాటలు వినే ఫ్రిజ్ గురించి సీరియల్ రాసిన ఏడాది, పక్కింటావిడ వంటింట్లో అత్తగారిని తిట్టుకోవడం మానేసింది. పాపం, ఉన్న ఆ ఒక్క సుఖమూ పోయింది! మనిషి ముఖం గుర్తుపట్టే తలుపు గురించి రాస్తే, ఎదురింటి మేష్టారు మీసం తీయించుకుని వచ్చి తన గుమ్మం ముందే ఒక్క క్షణం తటపటాయించాడట. ఇప్పుడా తలుపులూ వచ్చాయి, ఆ ఫ్రిజ్‌లూ వచ్చాయి. అప్పట్లో మాత్రం అవన్నీ ఆవిడ భోజనాల బల్ల మీదే పుట్టాయి.

ఏం రోజులవి! పత్రిక వచ్చే ఉదయం కొట్టు తెరవకముందే జనం మూగేవాళ్లు. నాలుగిళ్లకి ఒక్కటే కాపీ. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. చివర్లో "తలుపు దానంతటదే మూసుకుంది" అని ఆపేస్తే, వీధంతా కలిసి ఆవిడ మీదికి దండెత్తేది. "వారం దాకా మేం బతకొద్దా అమ్మా?" అని నిలదీసేవాళ్లు. ఆవిడ మురిసిపోయేది, చెప్పేది మాత్రం కాదు.

బల్లకి ఒక చివర ఆవిడ, రెండో చివర వాళ్లాయన. ఆయన రేడియో మెకానిక్కు. షాపులో తెమలని రేడియోలు సాయంత్రం ఇంటికి మోసుకొచ్చి విప్పుకుని కూర్చునేవాడు. సోల్డరింగ్ వాసన, సిరా వాసన, పొయ్యి మీద పొంగిపోయిన పాల వాసన, ఈ మూడూ కలిస్తే ఆ ఇల్లు. రాస్తూ రాస్తూ ఆవిడ తలెత్తి అడిగేది.

"ఏమండీ, ఫోను తీగలోంచి షాకు పంపి మనిషిని చంపడం అవుతుందా?"

గ్యాసు బండ తెచ్చినవాడు ఒకసారి ఆ మాట విని, బండ గుమ్మంలోనే దింపి ఉడాయించాడు. ఖాళీ బండ కూడా పట్టుకెళ్లలేదు.

ఆయన రెండే మాటల్లో తీర్పు చెప్పేవాడు. "అవుతుంది" అంటే ఆవిడ రాసేది. "అవదు" అంటే, ఎంత బాగా వచ్చినా సరే, కాగితం చింపేసేది. సంపాదకుడు కాళ్లావేళ్లా పడ్డా ఆయన అవదన్నది అచ్చులోకి వెళ్లేది కాదు. ఆయనకి లోకంలో ఉన్న గొప్ప అదొక్కటే. షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు, "మా ఆవిడ నవలల్లో సైన్సు తప్పుండదు. నేను చూస్తాగా" అని.

అలాగని ఆయన అబద్ధమే ఎరగడనుకోకండి. రేడియో అయిందా అని ఎవరైనా ఇంటికొస్తే "రేపు ఖాయం" అనేవాడు. అంటూ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేవాడు. తుడిచాడంటే ఆ రేడియో మూత కూడా విప్పలేదన్నమాటే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, ఆ విద్య ఆయనకి అబ్బలేదు. ఆవిడ పెళ్లయిన కొత్తలోనే ఇది కనిపెట్టింది, బయటపెట్టలేదు. కాపురమన్నాక ఇలాంటి గుట్టు ఒకటి చేతిలో ఉండటం మంచిది.

అన్నిటికంటే పేరు తెచ్చిన నవల 'గుండెకో మీట'. పెద్దపెద్దవాళ్ల గుండెల్లో పెట్టిన యంత్రాల్ని, ఒకడు మేడ మీద కూర్చుని చేతిలోని చిన్న డబ్బాతో ఆపేస్తుంటాడు. ఆ ఊహ తట్టిన సాయంత్రం ఆవిడ అడిగింది. ఆయన చేతిలో పని పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

"అవుతుంది," అన్నాడు. "గాల్లోంచి కబురందుకునే డబ్బాకి ఎవరి కబురైనా అందుతుంది."

తర్వాత పత్రికలు మూతపడ్డాయి. రేడియోలు బాగు చేయించుకునేవాళ్లు లేక షాపూ మూతపడింది. బల్ల మాత్రం మిగిలింది. ఆయన ఊసుపోక పాత రేడియోలు విప్పి మళ్లీ బిగిస్తుంటే, ఆవిడ ఎదురుగా కూరలు తరుగుతూ, "ఆ మేడ మీది వాణ్ణి చంపకుండా ఉండాల్సిందండీ, తెలివైనవాడు" అని దూరపు చుట్టం పోయినట్టు బాధపడేది.

అలా తరుగుతూ తరుగుతూనే ఒకరోజు పక్కకి ఒరిగిపోయింది.

గుండె డాక్టరు కుర్రవాడే, మంచివాడే. అంతా వివరంగా చెప్పాడు. గుండె మధ్యమధ్య కొట్టుకోవడం మానేస్తోంది, యంత్రం పెట్టాలి. పెట్టకపోతే ఈసారి పడితే లేవకపోవచ్చు. "భయం లేదమ్మా, ఇది సరికొత్తది. మీరు ఇంట్లో ఉన్నా మీ గుండె నా ఫోన్లో కనిపిస్తుంది," అన్నాడు.

డాక్టరు చేసిన తప్పు అదే.

"నీకు కనిపిస్తే ఇంకొకడికీ కనిపిస్తుంది నాయనా," అంది ఆవిడ. "మావాడూ అలాగే మొదలుపెట్టాడు."

"ఎవరమ్మా మీవాడు?"

"మా విలను."

వెంట వచ్చిన కూతురు తల పట్టుకుంది. బతిమాలింది, కసిరింది, ఏడ్చింది. "నువ్వు రాసిన కథకి నువ్వే జడుసుకుంటావా అమ్మా?"

"కథ నాదేనే. అవుతుందన్నది మీ నాన్న."

ససేమిరా అంది. ఆయుష్షు తీరి పోతాను గానీ, ఎవడో మీట నొక్కితే పోనంది. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన గోడ వైపు చూశాడు.

ఇంటికొచ్చాక ఎవరి చివర వాళ్లు కూర్చున్నారు.

"మీరు అవదంటే పెట్టించుకుంటాను," అంది ఆవిడ. "చెప్పండి. అవుతుందా, అవదా?"

ఆయన కళ్లజోడు తీశాడు. చొక్కా అంచు పట్టుకున్నాడు.

"అవదు."

"మరి ఆ రోజు అవుతుందన్నారే?"

"ఆ రోజా... కథ తోచక గింజుకుంటున్నావని నోటికొచ్చింది చెప్పాను. రేడియోలు బాగుచేసుకునేవాణ్ణి, గుండెల సంగతి నాకేం తెలుసే? సైన్సూ లేదు, పాడూ లేదు. అంతా ఉత్తిదే."

తుడుస్తూనే ఉన్నాడు. ఒక అద్దం, రెండో అద్దం, మళ్లీ మొదటిది. బతుకంతా చెప్పుకున్న ఒక్క గొప్పనీ తన నోటితోనే మట్టిలో కలుపుకుంటున్నాడు మహానుభావుడు. ఇన్నేళ్లు ఊరందరినీ భయపెట్టింది గానీ, భయాన్ని ఇంత దగ్గరగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"సరే," అంది. "పెట్టించండి."

పెట్టారు. కుట్లు మానాయి. కూతురు కుదుటపడి తన ఇంటికి వెళ్లింది. ఆ సాయంత్రం బల్లకి మళ్లీ ఒక చివర ఆవిడ, ఒక చివర ఆయన. సోల్డరింగ్ వాసన వేస్తోంది. పాలు పొంగుతుంటే ఆవిణ్ణి లేవనివ్వకుండా ఆయనే పరిగెత్తి, సగం ఒలకబోసి, చెయ్యి కాల్చుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఏమండీ, ఎలాగూ పెట్టేశారుగా. ఇప్పుడైనా చెప్పండి. అవుతుందా, అవదా?"

ఆయన చెయ్యి కళ్లజోడు దాకా వెళ్లి ఆగిపోయింది.

"అవుతుంది," అన్నాడు. "అప్పుడు చెప్పిందే నిజం. నిన్ను మోసం చేశానే."

"తెలుసు."

"తెలుసా? తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావు?"

"అబద్ధమాడినప్పుడల్లా మీరు కళ్లజోడు తుడుస్తారు. ఆ రోజు తుడిచి తుడిచి అద్దాలు అరగ్గొట్టేశారు. నా కోసం అంత భయపడే మనిషిని వదిలేసి ఎక్కడికి పోతానండీ?"

ఆయన కళ్లజోడు తీశాడు. ఈసారి నిజంగానే తుడుచుకోవాల్సి వచ్చింది.