వర్జ్యం చూసిన కంప్యూటరు

కంప్యూటరుకు కూడా వర్జ్యం ఉంటుందా, చెప్పండి? శ్రీకాకుళం రేషన్ ఆఫీసులో నాతో పనిచేసిన ప్రోగ్రామరు ఉందనేవాడు. మంచి పనిమంతుడు. డేటాబేస్ నుంచి పేర్లను తన కంప్యూటరులోకి తెచ్చుకుని చకచకా సరిదిద్దేవాడు. తిరిగి పంపేముందు మాత్రం గోడమీది క్యాలెండరు చూసేవాడు.

ఒకరోజు కళింగపట్నం నుంచి చేపలు ఎండబెట్టే ముసలమ్మ వచ్చింది. డేటాబేస్‌లో ఆమె చనిపోయినట్టుంది, బియ్యం ఆగిపోయాయి. అతను తన తెరమీద ఆమెను బతికించి, క్యాలెండరు చూసి, పంపే మీట మీదనుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకేటి బాబూ, నొక్కీ!"

"వర్జ్యం పోనీయమ్మా, అరగంటే."

ఇంతలో కరెంటు పోయింది. పంపని దిద్దుబాటు కూడా పోయింది.

"సూసినావా? టైం బాగోలేదని సెప్పినాను కదా!" అన్నాడు గెలిచినట్టు.

"నాను సచ్చిపోనానని రాసినప్పుడు వర్జ్యం సూసినారేటి?" అందామె.

ఆ వేళను చెడగొట్టింది గ్రహాలా, అతని చెయ్యా? ఏ ఆఫీసులోనైనా అలా ఆగిన చెయ్యి కనబడితే, మీ కళ్లముందే మీట నొక్కించండి. అంతవరకూ అక్కడినుంచి కదలకండి.