తెర ఎడమ సగం వంకాయ రంగు

దసరా వెళ్ళిన మూడో వారం. అయిజ బస్టాండు వెనక సందులో ఉన్న మా టీవీ, మానిటర్ల రిపేరు దుకాణంలో నేను మెకానిక్ హోదాలో కూర్చుని అప్పటికి నాలుగేళ్ళు. అంతకుముందు పద్నాలుగేళ్ళు అదే దుకాణంలో హెల్పర్‌ని. మా పనిలో హెల్పర్ అంటే వెనక మూత విప్పేది, దుమ్ము ఊదేది, చాయ్ తెచ్చేది. మెకానిక్ అంటే లోపల చెయ్యి పెట్టేది. మా ఆయన గుండె ఆగి పోయిన నెలకు నాకు మెకానిక్‌గా ప్రమోషన్ వచ్చింది. ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేనే తీసుకున్నాను.

నాకు చదువు సంతకం వరకే. ఇది కూడా నేను చెబుతుంటే మా ఆడబిడ్డ రాస్తోంది, నేను తిట్టిన చోటల్లా ఆమె మర్యాద కలుపుతోంది. అయితే రెసిస్టర్ మీద రంగు గీతలు చదవడం నాకు వచ్చు. గోధుమ, నలుపు, ఎరుపు వరసగా ఉంటే వెయ్యి ఓములు. అక్షరాల కన్నా ముందు అవే వచ్చాయి. షాకు కొట్టించుకోవడం అంతకన్నా ముందు వచ్చింది. పిక్చర్ ట్యూబు నెత్తిన రబ్బరు టోపీ లాంటిది ఉంటుంది. దాని కింద వేల వోల్టుల కరెంటు, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా దాక్కుని ఉంటుంది. వైరు కట్టిన స్క్రూడ్రైవరు టోపీ కిందికి జరిపి, ఆ కరెంటును చట్రంలోకి దింపేశాకే లోపల చెయ్యి పెట్టాలి. ఆ సమయంలో ఎడమ చెయ్యి వెనక్కి కట్టుకున్నట్టు ఉంచుకోవాలి. ఈ నియమం నాకు ఎవరూ చెప్పలేదు, గోడకు గుద్దుకుని నేర్చుకున్నాను.

అప్పటికే పలుచటి మానిటర్లు వచ్చేశాయి. వెనక పెద్ద బొజ్జ ఉండే డబ్బా మానిటర్లు పాత ఇళ్ళలోనే మిగిలాయి. అలాంటి ఒకదాన్ని దుప్పట్లో చుట్టి, మోపెడు వెనక కట్టుకుని నర్సింహులు మా దుకాణానికి వచ్చాడు. నేతగాడు. మాకు రెండు వీధుల అవతల వాళ్ళ ఇల్లు. గద్వాల చీరలు నేస్తారు.

“అక్కా, తెర ఎడమ సగం వంకాయ రంగు తిరుగుతుంది. జర జూడు.”

ఆ మానిటర్ అతనిది కాదు, అతని భార్య పద్మది. మూడేళ్ళ కింద మోకాలు విరిగి పద్మ గుంట మగ్గంలో కాళ్ళు పెట్టలేని స్థితికి వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో కుర్చీలో కూర్చుని పాత కంప్యూటర్ మీద చీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీస్తోంది. గీసిన బొమ్మను చీరలు నేయించే సేటు దగ్గరికి పంపితే అక్కడ రంగుల ప్రింటు తీస్తారు. ఆ ప్రింటు చూసి దారానికి అద్దకం వేస్తారు. తెర మీద ఎరుపు వంకాయ రంగులోకి తిరుగుతుంటే ఆమె దాన్ని సరిచేద్దామని పసుపు, పచ్చ కలుపుకుంటూ పోయింది. మిరపపండు రంగు అనుకుని పంపినది ప్రింటులో మట్టి రంగుగా దిగింది. ఆ ప్రింటు చూసి ఒక లడి దారం అద్దేశారు కూడా. మళ్ళీ ఇట్లా అయితే డిజైన్ల పని గద్వాలలో కొత్త కంప్యూటర్ ఉన్న వాళ్ళకు ఇస్తానని సేటు చెప్పేశాడు. ఆ పని పోతే పద్మకు ఆ ఇంట్లో చేయగలిగిన పని ఇంకొకటి లేదు. వచ్చే శుక్రవారానికి కొత్త కొంగు డిజైన్ పంపాలి.

ఎప్పటి నుంచి ఇట్లా ఉందని అడిగాను. దసరా నుంచి అన్నాడు. దసరాకు దీనికి ఏం చేశారు అని అడిగాను. ఈ ప్రశ్న అడిగినందుకు ఆ రోజంతా నన్ను నేను మెచ్చుకున్నాను.

“ఏం జేస్తమక్కా, మగ్గానికి జేసినట్లే దీనికీ జేసినం. బొట్టు వెట్టినం, పూలదండ ఏసినం, సాంబ్రాణి పొగ వెట్టినం.”

వెనక మూత విప్పాను. గాలి బొక్కల్లోంచి రాలిన కుంకుమ లోపలి బోర్డు మీద ఎర్రగా పరుచుకుని ఉంది. ఒక బంతిపూవు రేకు కూడా దొరికింది. ఇంకేం కావాలి నాకు. బ్రష్షు పట్టి ఊడ్చాను, స్పిరిటుతో తుడిచాను, రెండు చోట్ల వదులైన సోల్డర్ మళ్ళీ పోశాను. అలవాటు ప్రకారం చివర్లో డీగాసింగ్ కాయిల్ తిప్పాను. అదేమిటో చెప్పాలి. తెర గాజు వెనక సన్నటి బొక్కలున్న ఇనుప రేకు ఉంటుంది. దానికి అయస్కాంత గుణం అంటుకుంటే రంగులు పక్కకు పడతాయి. కరెంటు పారే ఆ కాయిల్‌ను తెర ముందు గుండ్రంగా తిప్పుతూ వెనక్కి నడిస్తే ఆ గుణం పోతుంది. తిప్పాను, తెర కడిగినట్టు అయింది. రెండు పనులు ఒకేసారి చేసి, ఫలితం కుంకుమ ఊడ్చిన ఖాతాలో వేసుకున్నాను.

నర్సింహులు వచ్చినప్పుడు పదినిమిషాల ఉపన్యాసం ఇచ్చాను.

“నీ మగ్గమంటే కట్టె. ఇదేమో కరెంటు. బొట్టు వెడితే పై అంచుకు వెట్టుకోవాలె గని, బొక్కలల్ల పోస్తరా? రేపు కొబ్బరికాయ గూడ దీని నెత్తిమీదనే కొడ్తరా ఏంది?”

పాపం తల వంచుకుని విన్నాడు. సందులో మిర్చి బజ్జీలు వేసే ఆమె కూడా పని ఆపి విన్నది. నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది.

మూడో రోజు మానిటర్ మళ్ళీ వచ్చింది. అదే ఎడమ పక్క, అదే వంకాయ రంగు, కాకపోతే ఈసారి కొంచెం ముదురు. బజ్జీల ఆమె అక్కడినుంచే అడిగింది, “ఏందక్కా, ఈసారి పులిహోర దొరికిందా లోపల?” నేను వినబడనట్టు స్క్రూలు విప్పాను.

ఈసారి పోసిస్టర్ మీద అనుమానపడ్డాను. మానిటర్ ఆన్ చేయగానే లోపలి కాయిల్‌కు ఒక్క క్షణం కరెంటు ఇచ్చి ఆపేసే చిన్న డబ్బా అది. అప్పుడే ధుమ్మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు నాకు బలహీనంగా వినబడింది, లేకపోతే వినబడాలని అనుకున్నాను. పాత టీవీలోంచి ఒక పోసిస్టర్ పీకి ఇందులో వేశాను. పెద్ద కాయిల్ మళ్ళీ తిప్పాను. రోజంతా దుకాణంలో ఆన్‌లోనే ఉంచాను. ఎరుపు ఎరుపే, పచ్చ పచ్చే. సాయంత్రం అప్పగించాను.

తీసుకుపోతూ నర్సింహులు అడిగాడు, “అక్కా, ఒక్కసారి ఇంటికొచ్చి జూస్తవా? ఈడ మంచిగుంటది, ఆడికి వోతే మొకం మారుస్తది.”

అతను మానిటర్ గురించి చెప్పవలసినదంతా ఆ ఒక్క మాటలో చెప్పాడు. మెకానిక్‌ని నేనా, అతనా అని ఇప్పుడు అనిపిస్తుంది. నా సామానంతా దుకాణంలోనే ఉంది, ఇంటికి వచ్చి ఏం చూస్తానని పంపేశాను.

నిజం వేరే ఉంది. ఆ వారం వాళ్ళ ఇంట్లో మగ్గానికి కొత్త పడుగు, అంటే చీర నిలువు పోగులు, ఎక్కిస్తున్నారు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతికి, దీపం పెట్టి మగ్గం మొదలుపెడతారు. అలాంటి పూట మొగుడు పోయినదాన్ని గడప తొక్కితే, తర్వాత ఒక్క పోగు తెగినా నన్నే గుర్తు చేసుకుంటారని నా భయం. ఎవరూ రావద్దనలేదు. నాకు నేనే అనుకుని, దానికి దుకాణం నియమం అని పేరు పెట్టుకున్నాను.

మూడోసారి వచ్చేసరికి అది సోమవారం. నర్సింహులు మానిటర్‌తో పాటు మట్టి రంగు దిగిన ఆ పాత ప్రింటు కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను లోపల అంతా తడిమి, టోపీ ఎత్తి, ట్యూబు మెడ దగ్గర రంగులు సరిచేసే రింగులు కదిపి చూసి, ఇక నాకు తెలియదు అనే బదులు ట్యూబు పోయిందని చెప్పాను. మా పనిలో ట్యూబు పోయిందంటే దవాఖానలో డాక్టరు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టినట్టు. ఆ మాటకు పై మాట ఉండదు. అతను మానిటర్‌ను దుప్పట్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తుతుంటే ఒక పెద్దామె మెట్టు మీద కూర్చుని ఉంది. నర్సింహులు తల్లి సత్తెమ్మ. అప్పటిదాకా ఆమెను దగ్గరగా చూడలేదు.

“ట్యూబు వోయిందని జెప్పినవంట. పోయిన ట్యూబు నీ దుకాణంల ఎట్ల ఎలుగుతుంది?”

“అది అట్లనే ఉంటది పెద్దమ్మా, ఒక్కోసారి.”

“ఒక్కోసారి గాదు, రెండుసార్లాయె. కోడలు రాత్రి అన్నం దినలే. నడువు, ఇంటికొచ్చి జూడు.”

నేను నసిగాను. పడుగు ఎక్కిస్తున్నారు కదా, అయిపోయాక వస్తానన్నాను. ఆమెకు అర్థమైంది.

“ఓసి నీ తెలివి పాడుగాను. నా మొగుడు పోయి ఇరవై ఏండ్లాయె. ఆ పడుగు పోగులు ఒక్కొక్కటి అతికేది ఎవరనుకుంటున్నవ్? నేనే. అది నా మొకం జూసే మగ్గమెక్కుతది. నీ మొకం జూస్తే తెగుతదా? నా కన్న పెద్ద ముండవా నువ్వు?”

చివరి మాట తీసేద్దామని మా ఆడబిడ్డ అంటోంది. ఉండనివ్వమన్నాను, ఆ రోజు నన్ను కదిలించింది ఆ మాటే.

టెస్టరు, కాయిల్ పట్టుకుని వెనకే నడిచాను. రెండు వీధులు. అన్ని రోజులు రిపేరు చేసిన నాకు ఆ దూరం నడవడానికి పట్టింది నాలుగు నిమిషాలు.

పద్మ మోకాలు చాపుకుని కుర్చీలో కూర్చుని ఉంది. మానిటర్ ఆమె ముందు బల్ల మీద, ఎడమ పక్క గోడకు ఆనించి ఉంది. ఆన్ చేయించాను. ఎడమ సగం వంకాయ రంగు. పక్కనున్న స్టెబిలైజరు దూరం జరిపించాను, అదే రంగు. టేబుల్ ఫ్యాను తీయించాను, అదే రంగు. ప్లగ్గు మార్చాను. పద్మ మెల్లగా అడిగింది, “అక్కా, ట్యూబేనా మరి?” అప్పుడు గాని నాకు హెల్పర్‌గా ఉన్న రోజుల్లో మా ఆయన చేసే పని గుర్తు రాలేదు. మచ్చ మానిటర్‌లో ఉందా, బయట ఉందా తేలాలంటే మానిటర్‌ను తిప్పి చూడాలి. లోపం ట్యూబుదైతే ఎటు తిప్పినా మచ్చ ఉన్నచోటే ఉంటుంది. నర్సింహులు, నేను పట్టుకుని దాని వీపు గోడ వైపు వచ్చేలా తిప్పాం. వంకాయ రంగు ఎడమ పక్క నుంచి జారి పై మూలకు పోయింది. గది మధ్యకు తెచ్చి కాయిల్ తిప్పితే అసలే లేదు.

ట్యూబు బాగుంది, గోడలోనే ఏదో ఉంది. ఈ గోడ అవతల ఏముంది అని అడిగాను.

“మగ్గమున్నది,” అన్నాడు నర్సింహులు.

ఇంత దూరం వచ్చి కూడా ఆ గడప దగ్గర నా కాలు ఆగింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని గోడ పక్కగా జరుగుతుంటే సత్తెమ్మ వెనక నుంచి, “దొంగలెక్క ఆ నడుసుడేంది, సక్కగ నడువు,” అని వీపు మీద చెయ్యి వేసి తోసింది.

లోపల కొత్త పడుగు సగం అతికి ఉంది. దాని ఎదురుగా గోడలో ఒక గూడు. మట్టిగోడ మందమే, కానీ గూడు లోతుగా తవ్వడంతో అవతలి గదికీ దానికీ మధ్య నాలుగు వేళ్ళ మట్టి మాత్రం మిగిలింది. ఆ గూడులో పెద్ద సౌండుబాక్సు. నేసేటప్పుడు పాటలు వినడానికి దసరాకు తెచ్చుకున్నాడట. స్పీకరు వెనక భాగంలో అరచేయంత అయస్కాంతం ఉంటుంది. అది సరిగ్గా మానిటర్ ఎడమ చెంపకు ఎదురుగా ఉంది.

“అది పాడుతలేదు గదక్కా, పొద్దటి నుంచి బందే ఉన్నది,” అన్నాడు నర్సింహులు. అయస్కాంతానికి స్విచ్చి ఉండదని చెప్పాను. ఈసారి ఉపన్యాసం అంతే.

బాక్సును మగ్గానికి అటు పక్కకు మార్పించాను. మానిటర్ మళ్ళీ గోడ దగ్గర పెట్టి కాయిల్ తిప్పాను. పద్మ దారం నమూనాల అట్ట తీసి తెర ఎడమ పక్కన ఒకసారి, కుడి పక్కన ఒకసారి పెట్టి చూసుకుంది. పాత రంగులన్నీ తుడిచేసి మొదటి నుంచి వేయడం మొదలుపెట్టింది. గురువారమే డిజైన్ పంపింది. ప్రింటులో మిరపపండు రంగు మిరపపండు లాగే దిగింది. డిజైన్ల పని ఆమె దగ్గరే ఉంది. ట్యూబు పోయిందన్న నా మాట గురించి ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. బజ్జీల ఆమె మాత్రం చాలా రోజులు ఎత్తింది.

ఆ తర్వాత ఒకసారికి ఒకే పని చేసి, తెర చూసి, అప్పుడు రెండో పని చేయడం అలవాటు చేసుకున్నాను. దుకాణంలో బాగుండి ఇంట్లో పాడయ్యే వస్తువు వస్తే విప్పకుండా ముందు ఆ ఇంటికి వెళ్ళాను. శుభకార్యమున్నా వెళ్ళాను. నేను రాకూడదనుకుంటే ఆ మాట ఆ ఇంటివాళ్ళు చెప్పాలి. వాళ్ళ బదులు నేనే చెప్పుకుని తప్పంతా మానిటర్ మీద వేయడం మెకానిక్ చేసే పని కాదు. దుకాణం మూసేదాకా ఆ మాట ఇద్దరే చెప్పారు. వాళ్ళ టీవీలు దుకాణానికే తెప్పించుకుని బాగుచేసి పంపాను.