కిరాయికి మా బావ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, బాన్సువాడలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి ఏడాది నేను నిజంగానే అలా అనుకునేవాణ్ణి. పుట్టినరోజు ఫ్లెక్సీలో ఎవరి ముఖం చిన్నదైతే ఎవరు గొడవకొస్తారో తెలుసు. నల్లగా ఉన్నవాణ్ణి ఎంతవరకు తెల్లగా చేస్తే కన్నతల్లి ఇంకా గుర్తుపడుతుందో తెలుసు. అన్నిటికంటే ముఖ్యంగా, పెన్ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు తెలియకుండా ఎలా తీయాలో తెలుసు. పద్ధతిగా తీయబోతే "ఇది వాడుకలో ఉంది, కాసేపాగి ప్రయత్నించండి" అని తెర మీద వచ్చేది. ఎంతసేపాగినా వాడుకలోనే ఉండేది. అవతల గిరాకీ నిలబడి ఉంటుంది. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. కంప్యూటర్‌ను నిద్రపుచ్చడం, అది పడుకున్నాక పెన్ డ్రైవ్ లాగేయడం, అదే చోట ఇంకొకరిది పెట్టి లేపడం. పసిపిల్లలు పడుకున్నాక చేతిలో బొమ్మ తీసేస్తాం కదా, అలాగన్నమాట. మా ఓనరన్న ఒకసారి చూసి, "గట్ల గుంజితే ఏం గాదా తమ్మీ?" అన్నాడు. "పండుకున్నదానికి ఏం తెలుస్తదన్నా" అన్నాను. ఆయన నన్ను మెచ్చుకోలుగా చూసినట్టు నాకు అప్పట్లో అనిపించింది.

ఆ యాసంగి కోతలప్పుడే మా అక్కకు సంబంధం కుదిరింది. కుదిరిందంటే, సగం కుదిరింది. వాళ్ళది పిట్లం దగ్గరి పల్లె. అబ్బాయి నెమ్మదస్తుడు. అబ్బాయి తండ్రి మాత్రం మాట పడే మనిషి కాదు. మాటలు నడుస్తున్నప్పుడు చాయ్ తనకు చివర ఇచ్చారని లేచి వెళ్ళిపోతే, మా బాపు వాళ్ళ ఊరిదాకా పోయి బతిమాలి తీసుకొచ్చాడు. అక్క పైకి ఏమీ అనేది కాదు. కానీ ఆ అబ్బాయి ఫోటో తన ఫోన్‌లో ఉందని ఇంట్లో అందరికీ తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్ళం. ఎంగేజ్‌మెంట్ ముందు రోజు నా దగ్గరకు వచ్చి, "ఫ్లెక్సీ నువ్వే చెయ్‌రా. ఆళ్ళ బాపు మళ్ల ఏదన్న వంక వెట్టి లేస్తే ఇగ నాతోని గాదు" అంది. అక్క నన్ను ఒక పని అడగడం, అదీ అలాంటి గొంతుతో, నాకు గుర్తున్నంతలో అదే మొదలు. నాకు గర్వంగా అనిపించింది. భయం కూడా వేసి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరిచి, అబ్బాయి పంపిన పెన్ డ్రైవ్ పెట్టి, అక్క పక్కన అతన్ని నిలబెట్టి, చుట్టూ మల్లెపూలు పరిచాను. ప్రింటుకు పంపబోతుంటే క్యాంపు బాబాయ్ వచ్చాడు. (కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకుంటున్న వాళ్ళ ఊళ్ళను మేం క్యాంపులంటాం.) ఆయనకు వరి కోసే హార్వెస్టర్ ఉంది. "అబ్బాయ్, కోతలు మీద పడిపోయాయి. మన మిషను బొమ్మేసి ఒక ఫ్లెక్సీ కొట్టియ్యి. పెన్ డ్రైవ్ మాత్రం ఇప్పుడే ఇచ్చెయ్యాలి, దాంట్లో మా మనవరాలి డ్యాన్సులున్నాయి" అన్నాడు. కంప్యూటర్‌ను నిద్రపుచ్చి అబ్బాయిది తీశాను, బాబాయ్‌ది పెట్టి లేపాను, డిజైన్ చేశాను. మళ్ళీ నిద్రపుచ్చి బాబాయ్‌ది ఆయన చేతిలో పెట్టి, అబ్బాయిది మళ్ళీ పెట్టి లేపాను. తెర మీద రెండు ఫ్లెక్సీలూ ముచ్చటగా ఉన్నాయి. రెంటినీ ప్రింటుకు పంపి, ముందుగా వచ్చిన అక్క ఫ్లెక్సీ చుట్టుకుని ఫంక్షన్ హాలుకు పోయాను. రెండోది ఓనరన్న చుట్టి బాబాయ్ పనివాళ్ళకిచ్చాడట. వాళ్ళు దాన్ని పిట్లం రోడ్డు మీద కరెంటు స్తంభానికి కట్టారు.

అక్క ఫ్లెక్సీ అద్భుతంగా వచ్చింది. అందరూ మెచ్చుకుంటుంటే వినయంగా కనబడడానికి ప్రయత్నిస్తున్నాను. అంతలో పిట్లం వైపు నుంచి వాళ్ళ బండ్లొచ్చాయి. దిగినవాళ్ళెవరూ ముందుకు రాలేదు. అబ్బాయి తండ్రి తన ఫోన్ మా బాపు ముఖం ముందు పట్టాడు. దారిలో తీసిన ఫోటో. పసుపు రంగు ఫ్లెక్సీ (రంగు నేనే ఎంచాను, బాగా కుదిరింది). హార్వెస్టర్ ఉండాల్సిన చోట కాబోయే బావ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. పక్కన ఎర్రటి అక్షరాలు: "గంట లెక్కన కిరాయికి ఇవ్వబడును. బురదలోనూ దిగును." కింద బాబాయ్ ఫోన్ నంబరు.

"మా పిలగాణ్ణి ఎవల్నడిగి కిరాయికి వెట్టిండ్రు?" అన్నాడాయన.

మా బాపు నావైపు చూశాడు. నేను వివరించాను. డిజైన్‌లో ఫోటో ఉండదనీ, అది ఏ పెన్ డ్రైవ్‌లో ఏ పేరుతో ఉందో ఆ చిరునామా మాత్రమే ఉంటుందనీ, తెర మీద కనబడేది దాని నీడేననీ, రెండు ఫోటోల పేరూ 'ఒకటి' అనే ఉందనీ, ప్రింటు కొట్టేటప్పటికి ఆ చిరునామాలో బావ ఉన్నాడనీ చెప్పాను. "తప్పు కంప్యూటర్‌ది మామా. పండుకున్నప్పుడు మార్చిన. లేచినంక ఎవలున్నరో అది సూసుకోలే" అని కూడా అన్నాను. ఆయన అంతా విని, "పాండ్రి పోదాం" అని బండివైపు తిరిగాడు. హాలు కిటికీలో అక్క ముఖం కనబడింది. అక్క నన్నడిగింది ఒక్క పని.

అప్పుడు ఆయన తల్లి, అబ్బాయి వాళ్ళ అవ్వ, మెల్లగా బండి దిగింది. ఫోన్ తీసుకుని, "ఏం రాసిండ్రు, సదువుండ్రి" అంది. ఎవరో చదివారు. ఆమె సావధానంగా విని కొడుకుతో, "లేవంగనే ఎవలకు గుర్తుంటదిరా? మీ నాయిన ఉన్నన్ని దినాలు, చాయ్ కడుపుల పడేదాంక నన్ను ఎవలో అన్నట్టే సూసెటోడు. గంతమాత్రానికి నేనేమన్న తల్లిగారింటికి వోయిన్నా?" అంది.

హాల్లోంచి నవ్వు వినబడింది. అక్కది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు, ఇంట్లో మేమే ఎన్నడూ విననిది. అప్పటిదాకా తలవంచుకుని నిలబడ్డ అబ్బాయి అటు చూశాడు. చూసి, "బాపూ, ఎట్లయినా కిరాయికి వెట్టిండ్రు గదా, వచ్చిన బేరం ఎందుకు ఇడవాలె?" అన్నాడు. తండ్రి కొడుకును ఒకసారి ఎగాదిగా చూసి, నావైపు తిరిగి, "గంటకెంత?" అన్నాడు. "ఫోన్‌ల మాట్లాడుకోవాలె మామా" అన్నాను. ఆయన హాల్లోకి నడిచాడు. చాయ్ మొదట ఆయనకే ఇచ్చాం.

సాయంత్రం క్యాంపు బాబాయ్ ఫోన్ చేశాడు. "నీ ఫ్లెక్సీ చూసి ఒక్కడూ మిషను అడగలేదు అబ్బాయ్. ఇద్దరు మాత్రం కుర్రాడికి పెళ్ళయిందా అని అడిగారు" అన్నాడు. ఇంకో ఫ్లెక్సీ ఊరికే కొట్టిచ్చాను.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. కంప్యూటర్ నిద్ర లేచాక నేను దాన్ని తొందరపెట్టను. ఏం పెట్టి ఉందో, ఏం తీశారో అది చూసుకునేదాకా చాయ్ తాగుతూ కూర్చుంటాను. ఆ పసుపు ఫ్లెక్సీని బావ అడిగి తెచ్చుకున్నాడు. కోతలప్పుడు వాళ్ళ కల్లంలో వడ్ల కుప్ప మీద కప్పుతారు. మొన్న మబ్బు పడితే నేనూ ఒక మూల పట్టుకున్నాను. ఎండకు అక్షరాలు వెలిసిపోయి 'ఇవ్వబడును' ఒక్కటే మిగిలింది, పక్కన బావ బొమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. "గీయనను మంచిగ గుంజి కప్పురా, వడ్లు తడుస్తయి" అంది అక్క. రెండో మూల పట్టుకున్న బావ, "గంటకెంత?" అన్నాడు. అక్క మళ్ళీ ఆనాటిలాగే నవ్వింది. ఫ్లెక్సీల దుకాణంలోని అన్నీ తెలిసిన ఆ కుర్రాణ్ణి, అప్పటి నన్ను, పట్టుకుని రెండు పీకాలని నాకు చాలాసార్లు అనిపిస్తుంది గానీ, అక్క అలా నవ్వుతుంటే చెయ్యి లేవదు.