రింగు కొలిచి చెప్పిన జోస్యం

ఇప్పటికీ ఎవడన్నా "అన్నా, వచ్చే ఏడు మోడల్ యట్లుంటాది?" అని అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. నేనేమన్నా సోది చెప్పేటోణ్ణా, పో రా అంటా. ఒకప్పుడు అదే మాట పదిమందితో అడిగించుకోవాలని కాలరెత్తుకోని తిరిగినోణ్ణి నేనే. ఆ పొగరే మా అక్క కాపురాన్ని రెండు దేశాలకు చీల్చింది. ముందే చెప్తాన్నా, ఇందులో నేను మంచోణ్ణిగా కనపడే చోటు ఒక్కటి కూడా లేదు.

డెబ్బైల చివర్లో రాయచోటి నుంచి కువైట్ పోయినా. మేము దూదేకులోళ్లం. ఇంట్లో తెలుగే, నమాజుకు మాత్రం అరబ్బీ. ఆ నమాజు అరబ్బీ గ్యారేజీలో నట్టు బోల్టు అడగడానికి కూడా పనికి రాలేదు గాని, రెండేండ్లలో పని భాష పట్టుకున్నా. మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, సల్వాలో ఇల్లు, షువైఖ్‌లో గ్యారేజీ, వఫ్రాలో మజ్రా, అంటే తోట, గొర్రెల దొడ్డి అన్నీ ఉన్నాయి. నేను గ్యారేజీలో మెకానిక్కు. తర్వాత మా అక్క సల్వా ఇంట్లో పనికి వచ్చింది. కఫీల్ కాళ్లా వేళ్లా పడి మా బావను కూడా మజ్రా పనికి పిలిపించినా. ముగ్గురి ఇఖామా మీద, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం మీద, ఒకే కఫీల్ పేరు. అదొక అదృష్టం అనుకున్నాము, మా తెలివి తెల్లారినట్టే ఉంది.

పనోళ్లం కఫీల్‌ను బాబా అని, ఆయన పెండ్లాన్ని మామా అని పిలిచేది. అక్కకు రెండు వారాలకొకసారి శుక్రవారం మధ్యాన్నం మామా సెలవిస్తాన్నింది. బావ మజ్రా నుంచి కూరగాయల పికప్‌లో ఫర్వానియాలో నా రూముకు వస్తాన్నాడు. రూములో ఐదుగురం ఉండేటోళ్లం. అక్కాబావా వచ్చినారంటే ఐదుగురం చెప్పులేసుకోని బయటికి. నలభై ఐదు డిగ్రీల ఎండలో చాయ్ హోటలు ముందర నిలబడి, రెండు గంటలైనాక దగ్గుకుంటా మెట్లెక్కేది. మొగుడూ పెండ్లాల కాపురమంటే ఆ రెండు గంటలే. అయినా అక్క మొకం చూస్తే, ఊర్లో మేడలో ఉండే ఆడమనిషికి కూడా అంత సంతోషం ఉండదేమో అనిపిస్తాన్నింది.

మజ్రాలో బావ, ఒక బంగ్లాదేశ్ మనిషి, ఇద్దరే పనోళ్లు. బోరు కాడి నుంచి గొర్రెల దొడ్డి దాకా ఇసకలో నీళ్ల డ్రమ్ములు, దాణా మూటలు చేరెయ్యాల. దానికి మూడు చక్రాల బగ్గీ ఒకటి ఇచ్చినాడు కఫీల్. లావు టైర్లు, చిన్న ఇంజను, రివర్సు గేరు లేదు. మెత్తటి ఇసకలో దిగబడిందంటే ముందుకూ పోదు, వెనక్కూ రాదు. డ్రమ్ము దింపి, వెనక కడ్డీ పట్టుకోని మనిషి ఎత్తి పక్కకు పెట్టాల్సిందే. రోజుకు ఆరేడు సార్లు. మూడేండ్లు అట్ల ఎత్తి ఎత్తి బావ నడుము పోయింది. నమాజులో సజ్దాకు వంగలేక, నూనె డబ్బా బోర్లేసి దాని మీద కూచోని చేస్తాన్నాడు. "అల్లా ముందర కూడా తల వంచలేని మనిషినైతిని రా" అని ఒకసారి నవ్వతా అన్నాడు.

ఇంగ నా విద్య సంగతి. కొత్త మోడల్ బండ్లు రాకముందే, మూడు నాలుగు నెలలు ముందుగా, వాటి స్పేర్ పార్టులు అట్టపెట్టెల్లో మా గ్యారేజీకి వస్తాన్నాయి. బండి ఫొటో కూడా ఎవడూ చూసి ఉండడు. నేను పెట్టె విప్పి పిస్టన్ రింగు తీసి వెర్నియరుతో కొలిచేది. రింగు పెద్దదైతే ఇంజను బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, పెద్దది, బోరు పెద్దదైతే ఇంజను పెద్దది. స్ప్రింగు తీగ మందం చూస్తే బండి బరువు ఇంత పెరిగింటాదని అందాజు తెలుస్తాన్నింది. ఇన్ని సీసీలు, ఇన్ని కిలోలు అని గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టేది. బండి వచ్చినాక చూసుకుంటే శానావరకు సరిపోతాన్నింది. కఫీల్ నన్ను "ముహందిస్" అని పిలవడం మొదలుపెట్టినాడు, అంటే ఇంజనీరని. ఎనిమిదో తరగతి తప్పినోనికి ఆ మాట చెవిన పడితే ఇంగ భూమ్మీద నిలబడతాడా?

ఒక ఏడు మజ్రా బగ్గీకి కొత్త మోడల్ పెట్టెలు వచ్చినాయి. విప్పి రింగు రెండుసార్లు కొలిచినా. రింగు మునుపటి దానికంటే బాగా పెద్దది. స్ప్రింగులు నా బొటనవేలంత లావు. ముందు టైర్లు జతగా ఉన్నాయి. లివరు మీద 'ఆర్' అని అక్షరం ఉంది. నాలుగు చక్రాలు, పెద్దింజను, రివర్సు! ముందరా వెనకా బరువు పెట్టుకునే ఇనప చట్రాల బోల్టులు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. గ్యారేజీలో అందరూ నవ్వినారు, "నాలుగు చక్రాలు పెడితే అది కారైతాది కదా" అని. నవ్వుకోండి రా అనుకున్నా.

ఆ శుక్రవారం మెట్లెక్కతానే బావకు చెప్పినా. "ఇంగ నువ్వు ఎత్తే పని లేదు బావా. దిగబడితే రివర్సు వేసుకోని వచ్చేయడమే."

బావ అంతా ఇని ఒకే ఒక మాట అడిగినాడు. "బరువెంతుంటాది?"

స్ప్రింగు చూసి నాకు తెలుసు. పాత బండికి ఇంచుమించు రెండింతలు. నిజంగా ఇరుక్కుంటే ఇద్దరు మనుషులు కూడా కదిలించలేరు. "నీకెందుకు బావా బరువు, ఇంజను గుంజుతాది" అన్నా. అక్క బావ వైపు చూసి, "ఇంగో మూడు నాలుగు నెలలు ఓపిక పట్టు, తమ్ముడు చెప్తాన్నాడు కదా" అనింది.

బండి కొనాలా వద్దా అని కఫీల్ ఊగిసలాడతాన్నాడు. పాతది నడుస్తాంది కదా అని ఆయన లెక్క. ఒకరోజు గ్యారేజీకి వచ్చి, "ముహందిస్, నీ కొత్త బండి సంగతేంది?" అని అడిగినాడు. అంతే, నాకు పూనకం వచ్చింది. రింగు చేతిలో పెట్టి చూపించినా. స్ప్రింగు చూపించినా. పాతది ఒక్క డ్రమ్ము మోస్తే ఇది వెనక చిన్న ట్రాలీ కట్టుకోని నాలుగు గుంజుతాదన్నా. ఇద్దరు పొద్దంతా చేసే పని ఒక పూటలో అయిపోతాదన్నా. అయినా ఆయన తల ఊపలేదు. అప్పుడు నా నోరు ఆగకుండా, "బాబా, మా బావ నడుము పోయింది ఆ పాత బండి ఎత్తి ఎత్తి. వంగలేడు, కూచోని నమాజు చేస్తాన్నాడు. ఇది కొంటే ఆయన బతుకుతాడు" అన్నా.

కఫీల్ నా భుజం తట్టి, "జైన్" అన్నాడు. సరే అని. ఆ పొద్దు నా అంత మొనగాడు ఈ భూమ్మీద లేడనుకున్నా.

బండి వచ్చింది. చెక్కపెట్టె పగలగొట్టి నేనే బిగించినా. నాలుగు చక్రాలు. ఇంజను నేను రాసిందే. బరువు కూడా నేను రాసిందే, పెట్టెలోంచి దించడానికి నలుగురం పట్టాల్సొచ్చింది. పికప్‌లో ఎక్కించి వఫ్రాకు తీసుకపోయినా. బావ బిస్మిల్లా అని సీటు మీద చెయ్యి పెట్టి, ఎక్కి, రివర్సు వేసి పది అడుగులు వెనక్కు పోయి, చిన్నపిలగానిమాదిరి పకపకా నవ్వినాడు. ఆ బంగ్లా మనిషి కూడా చప్పట్లు కొట్టినాడు. ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేటోళ్లు.

రెండు వారాలు కూడా కాలేదు. కఫీల్ మజ్రాకు పోయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసినాడంట. నాలుగు డ్రమ్ములు, ఒక మనిషి, మధ్యాన్నానికి పని అయిపాయ. సాయంత్రం బావను పిలిచి, "నువ్వు ఖలాస్. ఊరికి పోయి నడుము చూపించుకో, టికెట్టు నేనిస్తా" అన్నాడు. కోపంగా అనలేదంట, నెమ్మదిగానే అన్నాడంట.

నేను సల్వాకు పరిగెత్తినా. "బాబా, ఏమి చేస్తివి?" అన్నా. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయినాడు. "ఇద్దరి పని ఒక పూటలో అయిపోతాదని నువ్వే చెప్తివి. ఆయన వంగలేడని నువ్వే చెప్తివి. అబద్ధమా?"

అబద్ధం కాదు బాబా అన్నా.

గ్యారేజీలో పెట్టుకోమంటే, నడుము లేనోనికి గ్యారేజీలో ఏమి పని అన్నాడు. అక్క కూడా పోతానంటే మామా ఒప్పుకోలేదు. కాంట్రాక్టు అయ్యేదాకా కదలడానికి లేదు, పాస్‌పోర్టు బీరువాలో ఉందనింది. బావ కూడా, "ఇద్దరం పోయి ఏం తింటాము, నువ్వుండు" అన్నాడంట. ఆ శుక్రవారం వాళ్లకు రెండు గంటలు చాలలేదు. మేము ఐదుగురం సాయంత్రప్పొద్దు అసర్ నమాజుకు బాంగు ఇచ్చేదాకా ఎండలోనే నిలబడినాము.

ఎయిర్‌పోర్టు కాడ బావ నన్ను పక్కకు పిలిచినాడు. "నా నడుము సంగతి కఫీల్‌కు చెప్పింది ఆ బంగ్లావాడే. ఉద్యోగం వానికి మిగలాలని చెప్పినాడు. ఒకే పళ్లెంలో తింటిమి కదరా" అన్నాడు. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి ఆయనకు. కాదు బావా, నేనే అని అనాలి. నాలుక మీదికి వచ్చింది. అల్లా మీద ప్రమాణంగా వచ్చింది. "నువ్వు జాగర్త బావా" అన్నా. పెట్టె తీసుకోని లోపలికి పోయినాడు, నడుము మీద ఒక చెయ్యేసుకోని.

తర్వాత నుంచి అక్క ఫర్వానియాకు రాలేదు. నేనే సల్వాకు పోయి వంటింటి వెనక గడప మీద ఆమె పక్కన కూచునేది. పోయిన ప్రతిసారీ ఆమె ఆ చెప్పినోణ్ణి తిట్టిపోస్తాన్నింది. "వాని నోరు పడిపోను. వాని చేతులు ఇరిగిపోను. ఏమి చేసినాము రా వానికి మేము?" నేను తలొంచుకోని వింటాన్నా. కాంట్రాక్టు అయినాక మామా ఇంగో రెండేండ్లకు కట్టేసింది. అక్క వేలిముద్ర వేసింది. ఊర్లో నడుము పోయిన మనిషికి మందులు కొనాల కదా.

ఒకరోజు బావ జాబు వచ్చింది. అక్కకు చదువు రాదు, నేనే చదివినా. నడుము పూర్తిగా పడిపోయిందంట, మంచం దిగలేకపోతాన్నాడంట. ఆఖర్న ఆ బంగ్లా మనిషిని తిడతా నాలుగు వరసలు రాయించినాడు. ఆ నాలుగు వరసలు చదవకుండా ఆపేసినా.

"అక్కా, బావ నడుము సంగతి చెప్పింది ఆ బంగ్లావాడు కాదు" అన్నా. "నేనే."

"తెలుసు" అనింది.

నాకు అర్థం కాలేదు.

"మీ బావను పొమ్మన్న పొద్దే మామా చెప్పింది నాకు. నీ తమ్ముడు శానా తెలివైనోడు, అన్నీ ముందే చెప్పినాడు అని మెచ్చుకునింది."

"మరి బావకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి ఏమి చేయాల? పరాయోణ్ణి అయితే తిట్టుకోని తిట్టుకోని నిద్రపోతాడు. నిన్ను తిట్టుకోవాలంటే ఆయనకు నిద్ర పడతాదా? నువ్వంటే పానం ఆయనకు."

కాళ్లు పట్టుకోబోయినా. వెనక్కు తీసుకునింది.

"మరి నువ్వు, అక్కా? నన్ను ఒక్క మాట కూడా అనకపోతివే."

అక్క జాబు నా చేతిలోంచి తీసుకోని మడిచింది. "ఇన్నేండ్లూ ఈ గడప మీద నీ పక్కన కూచోని నేను తిట్టింది ఎవర్ని అనుకుంటివి రా?"

లోపల్నుంచి మామా పిలిచింది. అక్క లేచి పోయింది.