నాలుగు గంటల్లో లండన్

పెళ్లయిన కొత్తలోనే భార్యను ఆకాశంలో పస్తు పెట్టిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. మీరు మాత్రం భోజనం చేశాకే చదవండి.

అప్పుడు హజీరాలో ఓ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్నాను. కంపెనీ ట్రైనింగుకని లండన్ పంపుతుంటే, సొంత ఖర్చుతో లావణ్యనూ బయల్దేరదీశాను. తీరా చూస్తే ప్రయాణం కార్తీక సోమవారం నాడు. పెళ్లయ్యాక మొదటి కార్తీక సోమవారం కాబట్టి, చుక్కలు పొడిచాకే తింటానని అక్కడికి దగ్గర్లోనే అమ్రోలిలో ఉండే వాళ్లమ్మకు మాటిచ్చేసింది.

"విమానంల ఉపవాసం ఎట్ల?" అంది.

టికెట్టు చూశాను. ముంబైలో మధ్యాహ్నం పన్నెండుకు ఎక్కడం, లండన్‌లో సాయంత్రం నాలుగుకు దిగడం.

"నాలుగే గంటలు! దిగి హోటలు చేరేసరికి చుక్కలు. నేనూ నీతోపాటే ఉంటాలే" అన్నాను, కొత్త మొగుడి హుషారుతో.

"ఏడు వేల కిలోమీటర్లు నాలుగు గంటలల్లనా?"

"పైన మన హజీరా రోడ్డులా లారీలుండవు కదా!"

లండన్ టైము వేరని నాకు తెలియక కాదండీ. ఆ తేడా దిగాక వాచీ తిప్పుకోవడానికే తప్ప, టికెట్టు లెక్కలో కలపాలనుకోలేదు.

విమానంలో వేడివేడి భోజనం వచ్చింది. ఇద్దరికీ వద్దని దర్జాగా చెయ్యి ఊపాను. నాలుగు గంటలు గడిచాయి. విమానం దిగే సూచనే లేదు. ముందున్న తెర మీద ఇంకా ఐదున్నర గంటలని కనబడింది.

"ఇది పాడైనట్టుంది" అన్నాను.

"పక్కాయనది గూడ గదే చూపిస్తుంది."

"అదీ పాడే."

"మరి సూర్యుడు గూడ పాడైండా? గప్పటి సంది గాడనే ఉన్నడు!"

ఎదురుగాలి అన్నాను. దారి మళ్లించారన్నాను. ఏం అంటున్నానో నాకే తెలియలేదు. రెండోసారి భోజనం వచ్చేసరికి లావణ్య కళ్లు మూసుకుని సీటుకు వాలిపోయింది. నాకు నిజంగానే భయమేసింది.

"పోనీ, తినెయ్యి."

"అమ్మకు మాటిచ్చిన. తిన."

చివరికి దిగి, బయటపడేసరికి చీకటి. ఆశగా తలెత్తితే ఆకాశమంతా మబ్బు! లావణ్య సూట్‌కేసు మీద కూలబడి వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది.

"ఇంక తినలేదా బిడ్డా? ఈడ చుక్కలు పొడిచి ఎంత సేపాయె! జర ఆగు, డాబా మీదికి పోతున్న" అని అత్తగారు ఫోను పైకెత్తారు. "అగో, కనవడ్డదా?"

"కనవడ్డది అమ్మా!"

నాకైతే అది వీధి దీపంలా కనిపించింది. అయినా చుక్కేనని పక్క కొట్లో అరటిపండ్లు కొనుక్కొచ్చాను. ఇద్దరం వాటి మీద పడ్డాం.

కాస్త ప్రాణం కుదుటపడ్డాక అడిగింది: "వాపసు పొయ్యేటప్పుడు ఎన్ని గంటలు?"

టికెట్టు తీశాను. రాత్రి తొమ్మిదికి ఎక్కితే పొద్దున పదకొండుకు దిగడం.

"పద్నాలుగు..." అన్నాను, మళ్లీ అదే లెక్క కట్టి.

లావణ్య మిగిలిన పండ్లన్నీ తన సంచిలో వేసుకుంది.

కాబట్టి అత్తగారి ఫోను మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకపై ఏ ఊరికి ఎంతసేపని ఎవరడిగినా నా జవాబు ఒక్కటే: "దిగాక చెబుతాను. ముందు మీరు భోంచెయ్యండి."