కానిన్ అంటే అన్నం

మొన్న మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చున్న వేళకు మా పై వాటాలో ఉండేవాళ్ల మనవరాలు ఎండు మామిడి ముక్కల పొట్లం ఒకటి పట్టుకొని దిగి వచ్చింది. ఆ పిల్ల ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువు చదువుతూ సెలవులకు హనుమకొండ వచ్చింది. పొట్లం బల్ల మీద పెట్టి, ఊరి నుంచి వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రాకూడదని అక్కడొక ఆచారం ఉందనీ, ఆ తెచ్చేదానికి ఒక పేరు కూడా ఉందనీ చెప్పబోయింది. పసలుబోంగ్ అని నేనే అందించాను. పిల్ల నోరు తెరిచింది. మనల్ని చూసి పిల్లలు నోరు తెరిచి ఎన్నాళ్లయిందో నా ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

అక్కడి భాష తగాలోగ్ నాకు తెలుగంత బాగా వచ్చునని ఆ పిల్లతో అన్నాను. మీతో అబద్ధమెందుకు, వచ్చినవి గుప్పెడు మాటలు, అందులోనూ సగం తిండి చుట్టూ తిరిగేవే.

డెబ్బైల చివరలో నేను ఇక్కడే ఒక వ్యవసాయ కార్యాలయంలో టెంపరరీ ఉద్యోగిని. ఆ వానాకాలం మనీలా వైపు నుంచి వరి పరిశోధకుడొకాయన వచ్చాడు. అప్పట్లో మన దిక్కు వరికి ఉల్లికోడు పురుగు పట్టేది. అది సోకిన పిలక వెన్ను తీయకుండా ఉల్లికాడలాగా తెల్లటి గొట్టమై నిలబడుతుంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గాని గింజ ఉండదు. దాన్ని తట్టుకునే వంగడం కోసం ఆయన తిరుగుతున్నాడు. ఆ దేశపు భాష వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా అని మా ఆఫీసరు అడిగితే నేను చెయ్యెత్తాను. తీరా వచ్చాక చూస్తే ఆయన ఇంగ్లీషు మా ఆఫీసరు ఇంగ్లీషు కంటే శుభ్రంగా ఉంది, దుబాసీతో పనే లేదు. అయినా ఎత్తిన చెయ్యి దించడం ఎందుకని జీపులో ఆయన పక్కన కూర్చొని తిరిగాను.

భాష నేర్చుకున్నది ఆ జీపులోనే. ఆయన్ను కూయా అని పిలవమన్నాడు, అంటే అన్న. ఆ మాట చీనా వర్తకుల నుంచి వాళ్లకు వచ్చిందట. కృతజ్ఞత చెప్పడానికి సలామత్ అంటారు, అరబ్బీ మాట ఓడలెక్కి అంత దూరం పోయింది. వరంగల్ మండిబజారులో ఉర్దూ వింటూ పుట్టి పెరిగిన నాకు అది కొత్తేమీ కాదు. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మనం అండీ అన్నట్టు వాళ్లు పో అంటారు, మా అటెండరు మొదట్లో దానికి నొచ్చుకున్నాడు కూడా. ముఖం వాళ్లకు ముఖా, ముత్యం మూత్యా, గురువు గురో. దుఃఖం మాత్రం దుఖా అయి, ఏమీ లేని బీదవాడని అర్థం మార్చుకుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకొకటి. ఇంగ్లీషువాడికి చేలో ఉన్నా, బస్తాలో ఉన్నా, కంచంలో ఉన్నా ఒకటే రైసు. మనకు వడ్లు వేరు, బియ్యం వేరు, అన్నం వేరు. వాళ్లకూ అంతే: పాలాయ్, బిగాస్, కానిన్.

ఆయన తెచ్చిన వంగడాలను పురుగు బాగా పట్టే మడిలోనే నాటి చూడాలి. వర్ధన్నపేట దగ్గర మా మేనమామ పొలం ఆ విషయంలో పేరు మోసింది, అంతకు ముందు ఏడాది పంటంతా గొట్టాలై పోయింది. మామ నా మాట జవదాటడని ఆఫీసులో గొప్పగా చెప్పాను. నిజానికి ఆయన నా మాట ఏనాడూ విన్న పాపాన పోలేదు. నారు ముదురుతోంది, నాట్ల అదను దాటిపోతోంది, మామ మడి ఇవ్వకపోతే కూయా ఆ ఏడాది శ్రమంతా వృథా. ఆ సంగతి తేల్చుకోవడానికే ఒక మధ్యాహ్నం పోయాం.

మేము వెళ్లేసరికి మామ కంచం ముందు ఉన్నాడు. చూడగానే, “దా సారూ, కూసో, ఇంత తిందాం” అన్నాడు. కూయా నవ్వి, పొట్ట మీద చెయ్యి పెట్టుకొని, నిండుగా ఉందన్నట్టు తల వంచాడు. మామ మళ్లీ పిలిచాడు. కూయా మళ్లీ అంతే చేశాడు. మన మర్యాద మీకు తెలుసు, పిలిచేవాడు మూడుసార్లు పిలవాలి, వచ్చినవాడు రెండుసార్లు వద్దని మూడోసారికి కూర్చోవాలి. మామ మూడోసారీ పిలిచాడు. కూయా మరింత వినయంగా వంగాడు.

“అల్లుడా, నీ జపానాయనకు మా బువ్వ ఆనదాయెరా?”

మనీలా ఆయన మామా అన్నాను.

“యాడోడైతేంది. ఇంటికొచ్చినోడు నిలవడి సూస్తాంటే నాకు బుక్క దిగుతదా?” అంటూ ఎంగిలి చేత్తోనే కంచం ముందు నుంచి లేచాడు.

వంటింట్లోంచి అత్తమ్మ నన్నే అందుకుంది. “మీ మామ అలిగిండంటే ఇగ మడి లేదు గిడి లేదు. నువ్వన్న జెప్పరాదు, ఆయన బాస నీకొస్తదని ఊరంత డప్పు కొట్టుకున్నవు గద.”

ఇక్కడి నుంచి కథను నేను ఎన్నో పెళ్లిళ్లలో చెప్పాను. అతిథి ధర్మం గురించి తగాలోగ్‌లో నేనొక ఉపన్యాసం ఇచ్చినట్టూ, కూయా కళ్లు తుడుచుకున్నట్టూ. జరిగింది ఇంతే: కూయా, కాయిన్ నా అన్నాను, అంటే అన్నా, ఇంక తిను అని. ఆయన కూర్చున్నది దానికీ కాదు. అప్పుడే అత్తమ్మ చేపల పులుసు మీద మూత తీసింది. కూయా తల అటు తిరిగింది. “సంపాలోక్” అన్నాడు, దూరంగా పోతున్న సొంత మనిషిని పిలిచినట్టు. చింతపండు అని దాని అర్థం. వాళ్లమ్మా చింతపండుతోనే చేపల పులుసు పెట్టేదట. బూట్లు విప్పి, చెయ్యి కడుక్కొని, మామ పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. లేచిన కంచం ముందు మళ్లీ కూర్చోకూడదని అత్తమ్మ మామకు వేరే కంచం పెట్టింది. కూయా చేత్తో మనకంటే శుభ్రంగా తిని, కానిన్ అని మళ్లీ అడిగాడు. ఆ మాటకు అర్థం అత్తమ్మకు ఎవరూ చెప్పలేదు, అన్నం తెచ్చి పెట్టింది.

జీపులో వస్తూ చెప్పాడు. వాళ్ల ఊళ్లో తింటున్నవాడు ఎవరు కనబడినా కాయిన్ తాయో, తిందాం రా అనాలి, పిలిపించుకున్నవాడు బుసోగ్ పా పో, నా కడుపు నిండుగానే ఉందండీ అని దాటిపోవాలి. ఆ ఇంట్లో ఎంత వండుకున్నారో ఎవరికి తెలుసు, అందుకని. మామ అన్నం పెడదామని పట్టుబట్టాడు, కూయా ఆ ఇంటి అన్నం తగ్గించకూడదని పట్టుబట్టాడు.

మామ తూము కింది మడి ఇచ్చాడు. నాటినవాటిలో చాలా భాగం ఉల్లికాడలే అయ్యాయి, ఒక్క వంగడం నాటిన చెక్క మాత్రం పచ్చగా నిలిచి వెన్ను తీసింది. జిల్లాను బతికించిన విత్తనం నేనే తెచ్చానని చెప్పుకుంటూ వచ్చాను గాని దానికి కనీసం పేరు కూడా పెట్టలేదు, అంతకంటే మంచివి వేరేచోట వచ్చాయి. మామ మాత్రం బతికినన్నాళ్లూ ఆ మడిలో మనీలా వడ్లే పోశాడు. కూయా వెళ్లేటప్పుడు ఇంగాత్ అన్నాడు, జాగ్రత్త అని. పోయొస్త అనాలని మామ ఆయనకు నేర్పాడు, అదీ అన్నాడు. మళ్లీ రాలేదు.

ఇదంతా విని పై వాటా పిల్ల లేచింది. నా కంచంలో పెరుగన్నం ఇంకా ఉంది. కాయిన్ నా అన్నాను. ఆ పిల్ల నవ్వి, అక్కడ నేర్పిన మర్యాద ప్రకారం, బుసోగ్ పా పో అని మెట్లెక్కింది. రెండోసారి పిలుద్దామనుకున్నాను గాని అప్పటికే చెవికి ఫోను పెట్టుకుంది. మా మామ అయితే కంచం ముందు నుంచి లేచేవాడు. నేను లేవలేదు. మిగిలిన నాలుగు మెతుకులూ తిని చెయ్యి కడుక్కున్నాను.