వెండి కుందులు, తాతయ్య గీతలు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, తిరువొత్తియూరులోని మా ఇంట్లో వెండి కుందులు నల్లబడ్డాయి. ఇంత మాత్రానికే ఒక మనిషిని పుట్టింటికి పంపేయబోయారంటే, మా ఇంట్లో నాటకాలకు కొదవ లేదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ మనిషి మా పిన్ని. చిన్నాన్నను పెళ్ళాడి పురసవాక్కం నుంచి వచ్చి మూడు నెలలైంది. కొత్త కోడలు వచ్చిన శుభానికి అవ్వే ఆ కుందులను బీరువాలోంచి తీసి రోజూ వెలిగించమంది. పిన్ని శుక్రవారం విభూతితో తోమితే మంగళవారానికి బొగ్గులయ్యేవి. "ఈ పిల్ల చెయ్యి మంచిది కాదు. వాళ్ళమ్మ ఇంట్లో ఆడనే వదిలిపెట్టి రా," అని అవ్వ చిన్నాన్నతో తేల్చేసింది. ఆయన అటక మీంచి పిన్ని పెట్టె దించారు. పెట్టె సర్దుకుంటూ పిన్ని నన్ను చూసి నవ్వబోయింది. ఆ నవ్వు చూడలేక బయటికొచ్చేశాను.

మా తాతయ్య కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ వినరు కనుక ఆ తర్కమంతా ఎనిమిదేళ్ళ నాకు చెప్పేవారు. పెరటి వెనక మురుగు కాలవ గబ్బుకే వెండి నల్లబడుతోందని ఆయన అనుమానం. కాలవ, గబ్బు, గాలి, వెండి... అంత పొడుగు కారణం కన్నా 'పిన్ని చెయ్యి' అన్న రెండు ముక్కలే సులువుగా ఉన్నాయని నేను తీర్పిచ్చాను. అవ్వ మెచ్చుకుని రెండు మురుకులు పెట్టింది.

తాతయ్య క్యాలెండరు కాగితం తిరగేశారు. "మాటలు కాదురా, సాకులు లెక్కబెట్టు," అన్నారు.

పక్కింటి అక్క పట్టీలను పిన్ని ముట్టుకోలేదే, అవెందుకు నల్లబడ్డాయని తాతయ్య అవ్వను అడిగారు. ఆ పిల్లది ఇంకో దోషమంది అవ్వ. ఆ సాకుకు తాతయ్య కాగితం మీద ఒక గీత గీశారు. పిన్నే తోమి, గుడ్డ చుట్టి బీరువాలో పెట్టిన హారతి పళ్ళెం తెల్లగా ఎందుకుంది? బీరువాలో లక్ష్మి ఉందంది. ఇంకో గీత. ఏ సాకూ అక్కర్లేదు కనుక కాలవ వైపు ఒక్క గీతా పడలేదు. గబ్బు బీరువాలోకి దూరలేదు, అంతే. గీతలు తక్కువైనంత మాత్రాన కాలవ కారణం నిజమైపోదంటూ, తాతయ్య పిన్ని ప్రయాణం ఆపించి ఒక కుందిని అవ్వ చేతే తోమించారు. నాలుగో రోజుకు అదీ నల్లబడింది.

"అమావాస్య గదా," అంది అవ్వ.

తాతయ్య మూడో గీత గీశారు.

పిన్ని పెట్టె అటకెక్కింది. అవ్వ తప్పు ఒప్పుకోలేదు గానీ, ఆ సాయంత్రం కుందులు తనే తోముకుంది. పిన్ని మళ్ళీ ఎన్నడూ వాటిని ముట్టలేదు.

ఇప్పటికీ ఎవరైనా ఒక మనిషిని వేలెత్తి చూపి రెండు ముక్కల్లో కారణం తేల్చేస్తే, నేను మనసులో గీతలు మొదలుపెడతాను. ఆ రోజు తిన్న రెండు మురుకులకు మాత్రం నా దగ్గర ఒక్క సాకూ లేదు.